తీపి పడని మనిషి

కూతురి దిండు గలీబు మారుస్తుంటే అందులోంచి చాక్లెట్ కాగితం రాలిపడింది. నలిగి నలిగి మెత్తబడి ఉంది. తల్లి దాన్ని గబుక్కున తీసి మడతలు విప్పి చూసింది.

ఆమె రైల్లో టికెట్లు చూసే టీసీ. టికెట్ లేనివాణ్ణి వాడు కూర్చున్న తీరు చూసి పట్టేస్తుంది. అలాంటిది సొంత ఇంట్లో దొంగని పట్టలేదా?

ఏడేళ్ల పిల్లకి మూర్ఛ. ఎన్ని మందులు మార్చినా లొంగలేదు. చివరికి డాక్టరు కీటో పథ్యం పెట్టాడు. వెన్న, మీగడ, గుడ్డు, ఏదైనా చిన్న త్రాసులో తూచే పెట్టాలి. తీపి నాలిక్కి తగలకూడదు. ఫిట్స్ ఆగాయి. పిల్ల మళ్లీ బడికెళ్తోంది, సైకిల్ కొనమని ప్రాణం తీస్తోంది. హమ్మయ్య అనుకునేలోపు పోయిన వారం మళ్లీ పడిపోయింది.

"పథ్యం తప్పితే మూత్రంలో తెలిసిపోతుంది, ఆ పరీక్ష బాగానే ఉందమ్మా. పథ్యం సరిగ్గా ఉన్నా ఒక్కోసారి వస్తుంది," అన్నాడు డాక్టరు. "ఇదీ పనిచెయ్యకపోతే మాత్రం తలకి ఆపరేషన్ సంగతి ఆలోచించాలి."

ఆమె చెవికి ఆ చివరి మాటే ఎక్కింది.

"చాక్లెట్ తిన్నావా?" అని కూతుర్ని నిలదీసింది.

"లేదమ్మా, ఒట్టు!"

ముసల్ది పిల్లకి అబద్ధాలు కూడా నేర్పిందన్నమాట. తను డ్యూటీకెళ్తే ఇంట్లో ఉండేది అత్తగారొక్కతే మరి.

"అత్తయ్యా, దీనికేమైనా పెడుతున్నారా?"

"నేనా? దాని ప్రాణం మీదికి తెస్తానా?" అంటూ ఆవిడ తల తిప్పుకుని కొంగుతో మూతి తుడుచుకుంది.

తల తిప్పుకునేవాళ్లు టీసీకి కొత్తా?

మర్నాడు వీధి చివర కొట్టువాడే నోరు జారాడు. "మీ అత్తగారు రోజూ ఒక చాక్లెట్ పట్టుకెళ్తారమ్మా."

ఆవిడకి తీపంటే బొత్తిగా పడదు. టీలో కూడా పంచదార వేసుకోదు. మరి ఆ చాక్లెట్లు ఎవరి నోట్లోకి పోతున్నట్టు?

ఆమెకి ఒళ్లు మండిపోయింది. కోపం కంటే భయమే ఎక్కువ. సాయంత్రం డ్యూటీకని బయల్దేరి సగం దారిలోంచి వెనక్కొచ్చింది. చెప్పులు గేటు దగ్గరే వదిలేసింది. గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల గుసగుసలు.

"మెల్లగా. నమలకు. నాలిక మీద కరగనీ."

"ఊఁ."

"అప్పుడే మింగెయ్యకు. అమ్మ ఇప్పుడప్పుడే రాదులే."

ఇవాళ్టితో ఈవిడకి ఈ ఇంట్లో నూకలు చెల్లాయి అనుకుంది. దొంగసొత్తు చేతుల్లో ఉండగానే పట్టుకోవాలని, చప్పుడు కాకుండా తలుపు తోసింది.

అత్తగారు చేదుమందు మింగుతున్నట్టు మొహం పెట్టి చాక్లెట్ చప్పరిస్తుంటే, ఎదురుగా పిల్ల ఖాళీ కాగితం ముక్కుకి ఆనించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అడుగుతోంది: "ఇప్పుడెలా ఉందో చెప్పు, నానమ్మా!"