కంపెనీ కలిపిన జత

“అయితే క్లచ్ తొక్కడం రాకుండానే బండి కొనడానికొచ్చేసేవన్న మాట,” అన్నాడు సూరిబాబు, డ్రైవర్ సీట్లోంచి కదలకుండా.

అభిరామ్ ముఖం మాడిపోయింది. సింగపూర్ వచ్చాక అతను తీసుకున్నది ఆటోమేటిక్ బండ్ల లైసెన్సు. బండిలో కూర్చున్నాక ఎడమ కాలికి కూడా ఒక పని ఉంటుందన్న సంగతే అతనికి తెలీదు.

పాపం, అతని తప్పూ లేదు. అరవైల నాటి అమెరికా స్టేషన్ వాగన్ అది. పిల్లాజెల్లా, మూటాముల్లే అన్నీ పట్టేంత సంసారపక్షం బండి. అలాంటిదానికి ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్ పెట్టారంటే గేర్లు ఆటోమేటిక్కే అయి ఉంటాయనుకున్నాడు. తీరా ఆంగ్ మో కియోలో సూరిబాబు వాళ్ల ఫ్లాట్ల కార్‌పార్కుకి వచ్చాక, ఇది క్లచ్ బండి అనీ, స్టీరింగ్ పక్క కర్రతో చేత్తో వేసుకోవలసిన గేర్లనీ ముసలాయన చల్లగా చెప్పాడు. ఎవరో మధ్యలో మార్పించి ఉంటారని అభిరామ్ అనుమానపడ్డాడు. బానెట్ ఎత్తమన్నాడు.

దిగి ఎత్తింది సూరిబాబు కాదు, ఆయన భార్య కుమారమ్మ. కుంటుకుంటూ ముందుకొచ్చి, మూలుగుతూ ఎత్తింది. మొగుడుగారు మాత్రం మహారాజులా లోపలే కూర్చున్నారు. ఇదేం మనిషిరా బాబూ అని అభిరామ్‌కి ఒళ్లు మండింది. అయినా ఇంజన్ మీదా, గేర్‌బాక్సు మీదా నంబర్లు చూశాక ఆ మంట కాస్తా చల్లారిపోయింది. రెండూ పుట్టుకతో కలిసినవే. ఇంత పెద్ద ఇంజన్‌కి క్లచ్ గేర్లు కావాలని కంపెనీకి పనిగట్టుకుని చెప్పి చేయించుకున్న మహానుభావుడు ఎవరో గానీ, ఇలాంటిది ఇంకొకటి ఎక్కడుందో అతనికి తెలీదు. అతనికి నోరూరింది.

“మకాన్ అయిందా బాబూ?” అని కుమారమ్మ అడిగింది. తినే వచ్చానన్నాడు. అయితే ఎక్కు, ఓ చుట్టు తిప్పుతామంది.

ముందు సీటు బల్లలాగా ఒకటే. ముగ్గురు దర్జాగా కూర్చోవచ్చు. అభిరామ్ అటు వెళ్లబోతే ఆవిడ వెనక్కి చూపించింది. చెప్పులు విప్పి తలుపు దగ్గర పెట్టి, ఒట్టి కాళ్లతో ఎక్కి, అంత చోటూ ఖాళీగా వదిలేసి మొగుణ్ణి ఎడమ పక్కన ఆనుకుని కూర్చుంది. బండిని లక్ష్మీదేవిలా చూసుకుంటున్నారనుకున్నాడు అభిరామ్. ఆ ఆనుకోవడం చూసి నవ్వూ వచ్చింది, కాస్త కుళ్లూ పుట్టింది. తను తోలుతుంటే భార్య ఉజ్వల వెనక సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటుంది.

బిషాన్ దాకా వెళ్లొచ్చారు. ముసలాయన “ఊఁ” అనడం, గేరు మారడం, బండి వెన్నలా సాగిపోవడం. ఒక్క కుదుపు లేదు. ఇంత చక్కగా తోలేవాళ్లని అభిరామ్ చూడలేదు.

కార్‌పార్కులో ఆపగానే ఇక ఉండబట్టలేక మనసులో మాట చెప్పేశాడు. బండి తీసుకుంటాడు, కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టించుకుంటాడు. క్లచ్ లైసెన్సుకి పరీక్ష పాసవ్వాలంటే నెలలు పడతాయి, బండి రిజిస్ట్రేషన్ గడువు చూస్తే ఈ నెలాఖరుతో సరి.

“కుదరదు. ఆ రెండిటినీ కంపెనీ కలిపింది. విడదీసేవోడికి ఇవ్వను.”

“అంకుల్, ఈ వయసులో మీకైనా ఎందుకీ శ్రమ? ఆటోమేటిక్ అయితే ఒక్క కాలు చాలు కదా.”

“నాకు తెలుసు లా,” అన్నాడు సూరిబాబు నెమ్మదిగా, ఇక్కడివాళ్ల ‘లా’ తగిలించి. “మా వికాస్ కూడా అదే పోరు. పెట్టించేసుకో నాన్నా, నువ్వొక్కడివే తోలుకోవచ్చు అని. ఒక్కణ్నీ ఎక్కడికి తోలుకెళ్లాలి?”

బండి కోసం వచ్చినవాళ్లంతా అభిరామ్‌లాంటివాళ్లేనట. ఒకరికి క్లచ్ రాదు, ఇంకొకరికి ఇంజన్ ఒక్కటే కావాలి. నెలాఖరులోగా ఎవరూ తీసుకుని రిజిస్ట్రేషన్ పొడిగించకపోతే, ఇక్కడి రూలు ప్రకారం తుక్కు కిందకి పోవలసిందే. అమ్మితే ముక్కలు, ఉంచితే తుక్కు. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోతున్న మనిషికి అభిరామ్ ఏం సాయం చేయగలడు? తన చేతిలోనూ ఏమీ లేదు. కొనలేడు, వదిలి పోలేడు.

చివరికి అన్నాడు. “ఇంత బాగా తోలుతున్నారు. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకుని మీరే ఉంచుకోవచ్చు కదా అంకుల్? ఎందుకు వదులుకోవడం?”

సూరిబాబు కిటికీలోంచి బయటికి చూశాడు. జవాబు చెప్పింది కుమారమ్మ.

“నా కుడి మోకాలు అరిగిపోయింది బాబూ. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. ఇంక నా వల్ల కాదు.”

అభిరామ్‌కి చిర్రెత్తుకొచ్చింది. ఇంతసేపూ దాచిన కారణం ఇదా?

“మోకాలు మీది, తోలేది అంకుల్. దానికోసం బండి అమ్ముకోవడమేంటి ఆంటీ?”

ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, బండి పట్టుకుంటూ అవతలి వైపుకి నడిచి, మొగుడి పక్క తలుపు తెరిచి భుజం అందించింది. సూరిబాబు ఆ భుజం మీద బరువంతా వేసి కుడి కాలు కిందికి దించాడు. ప్యాంటు ఎడమ కాలు తొడ దగ్గరికి మడిచి పిన్నీసులు పెట్టి ఉంది.