రక్తం వద్దన్న కార్డు

పరుశురాం తొంగిచూడగానే మంచం దగ్గర తల్లీకూతుళ్లిద్దరి పెదవులూ ఆగిపోయాయి. అత్త దుర్గాంబ గబుక్కున లేచి వచ్చి ఆడవాళ్ల వార్డు పరదా బర్రున లాగేసింది.

"మొగోళ్లు రావొద్దని ఆయా చెప్పిందా లేదా? నడువు."

"నా పెండ్లాంతోని ఒక్క మాట మాట్లాడుత."

"తర్వాత."

తర్వాత అనేది ఉంటుందని అతనికి నమ్మకం లేదు. నిన్న ఆల్థాన్‌లోని ఈ ఆసుపత్రిలోనే సుమన ఆడపిల్లను కన్నది. పిల్ల బాగానే ఉంది. తల్లికి మాత్రం ఈ పొద్దుటికి గాని నెత్తురు ఆగలేదు. సాయంత్రంలోగా రక్తం ఎక్కించకపోతే గుండె ఆగిపోవచ్చని డాక్టర్ హిమశ్రీ చెప్పింది. అందరి ముందూ సుమన వద్దని తల ఊపింది.

ఊపక ఏం చేస్తుంది? పుట్టినప్పటి నుంచి తల్లివాళ్ల ప్రార్థనా సంఘంలో పెరిగిన మనిషి. ఒకరి రక్తం ఇంకొకరి ఒంట్లోకి ఎక్కిస్తే దేవుని మాట దాటినట్టేనని తల్లి నేర్పింది. రక్తం వద్దని రాసిన కార్డు ఎప్పుడూ ఆమె పర్సులో ఉంటుంది.

పరుశురాంకు ఏ సంఘమూ లేదు. వలస వచ్చి జోల్వాలో మరమగ్గాల మధ్య పద్దెనిమిదేళ్లు నిలబడితే అతనికి మిగిలినవి సగం చెవుడు, పెద్ద గొంతు. అతను చెవిలో చెప్పాననుకున్న మాట గల్లీ చివరి దాకా వినపడుతుంది.

"ధైర్యంగ ఉండు తమ్మీ," అన్నాడు లక్ష్మీరాజం.

లక్ష్మీరాజంకు సలాబత్‌పురాలో చీరల దుకాణం ఉంది. సంఘంలో పెద్ద. పొద్దుటి నుంచి ఇద్దరు మనుషులను వెంటేసుకుని సరిగ్గా వార్డు గుమ్మానికి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు. ఆపిల్ పండ్లు కూడా తెచ్చాడు.

"మేం బలవంతం ఏం చేస్తలేం. బిడ్డ ఇష్టం. తోడుండనీకె వచ్చినం, గంతే."

"తోడా? కావలా?"

లక్ష్మీరాజం నవ్వాడు. ఆ నవ్వు పరుశురాంకు అసలు నచ్చలేదు.

దుర్గాంబ బయటికి వచ్చింది. కొంగుముడి విప్పి కార్డు తీసి లక్ష్మీరాజం చేతిలో పెట్టింది.

"అన్నా, సుమన కార్డు. మీకాడనే ఉండనీయుండ్రి. ఈడుంటే ఎవడన్న చింపిపారేస్తడు." చివరి మాట అల్లుడి వైపు చూస్తూ అంది.

"చింపుతనే!" పరుశురాం లేచాడు. "మగ్గంల చెయ్యి పడ్డనాడు మాతోని పనిచేసే మీ సంఘం ఫణిగాడు రక్తం ఎక్కించుకున్నడు. సచ్చిండా? బతికిండు గద!"

"బతికిండు. ఇప్పుడు వాళ్లమ్మ ఎదురొచ్చినా మొకం తిప్పుకొని పోతది. సంఘపోళ్లు ఒక్కలు పలుకరియ్యరు. అవునా అన్నా?"

"నియమం అట్లుంది చెల్లె," అన్నాడు లక్ష్మీరాజం, నేల చూస్తూ.

అంటే కన్నకూతురి ప్రాణం కన్నా ఈమెకు పలకరింపులే ఎక్కువ. పరుశురాం పళ్లు కొరికాడు.

అప్పుడే ఒక నర్సు, గుడ్డ కప్పిన ట్రే పట్టుకుని వచ్చింది.

"క్యా హై?" అడ్డం నిలబడ్డాడు పరుశురాం.

నర్సు నోరు తెరిచేలోపే దుర్గాంబ అందుకుంది. "గ్లూకోజ్. జరుగు."

నర్సు ఒకసారి దుర్గాంబ ముఖం చూసి లోపలికి పోయింది. వెనకాలే దుర్గాంబ. మళ్లీ పరదా.

నర్సుకూ అత్తకూ ఎక్కడి దోస్తీ? ఏం మందు పెడుతున్నారు? మత్తులో ఉంచి, మళ్లీ ఎవరూ అడగకుండా చేస్తున్నారా?

డాక్టర్ హిమశ్రీ బయటికి రాగానే ఎదురెళ్లాడు.

"మేడం, నా రక్తం తీస్కోండ్రి. ఎంతైనా తీస్కోండ్రి. ఆమె మాట ఇనొద్దు, వాళ్లమ్మ భయపెడుతుంది."

డాక్టర్ అతని కళ్లలోకి చూడలేదు. బెంచీ వైపు చూసింది.

"ఆమె తెలివిలోనే ఉందండీ. సంతకం పెట్టింది. ఏమని పెట్టిందో ఎవరికీ చెప్పొద్దంది."

"మొగణ్ని నేను! నాకు గూడనా?"

"మీక్కూడా."

అంటే డాక్టర్ కూడా వాళ్ల పక్కనే. పరుశురాం గోడకు జారగిలబడ్డాడు. కోపం పోయి ఏడుపు వచ్చింది. పేరు కూడా పెట్టని పిల్ల గుర్తొచ్చింది.

గంట గడిచింది. వరండా నిశ్శబ్దమైంది. లక్ష్మీరాజం లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఆయాను అడిగిన. బిడ్డ కాడ ఒక్క నిమిషం ప్రార్థన చేసి వస్త."

అతను గుమ్మం చేరేలోపు పరదాలోంచి దుర్గాంబ తల బయటికి వచ్చింది. లక్ష్మీరాజంను చూసింది. వెంటనే అల్లుడి మీద విరుచుకుపడింది.

"ఏమాయె, నోరు పడిపోయిందా? పెండ్లాం సస్తుంటే గోడకానుకొని కూసున్నవ్. గింతేనా నీ మొగతనం? పో, పోయి బీడీ తాగు!"

పరుశురాం ఒక్క దూకు దూకాడు.

"నా పెండ్లాన్ని సంపుతున్నరు! అందరు కలిసి సంపుతున్నరు! పోలీసుల పిలుస్త!"

వరండా దద్దరిల్లింది. లక్ష్మీరాజం వెనక్కి తిరిగి పరుగెత్తుకొచ్చి అతని భుజాలు పట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకున్నారు.

"పాపం, రక్తం ఎక్కిస్తలేరని బాధపడుతుండు," అన్నాడొకడు.

పరుశురాం ముగ్గురినీ విదిలించుకుని పరదా చీల్చుకున్నట్టు లోపలికి దూసుకుపోయాడు. దుర్గాంబ అతని కాలర్ పట్టి పక్కకు లాగింది. వెనక పరదా మూసేసింది. అరవబోయిన నోటిని అరచేత్తో గట్టిగా నొక్కింది. బాగా వినపడే చెవి వెతుక్కుని, దానికి నోరు ఆనించింది.

"రక్తం సగం ఎక్కింది, ఇంకో గంట గిట్లనే లొల్లి చెయ్యి బిడ్డా."