అమరేందర్ సారు ఏప్రిల్ నెల

"ఉత్తగ ఇచ్చేది నాకెందుకు జాఫర్? ఉత్తదాన్ల ఏముంటది?" అన్నాడు అమరేందర్, జాఫర్ బల్ల మీద పెట్టిన, వైరస్ పట్టే ఉచిత ఫ్లాపీని ఒంటివేలితో వెనక్కి నెడుతూ.

"మరి గీ డబ్బా తీస్కోండి సార్. పద్దెనిమిది వందలు. కొత్త వైరస్ ఏదొచ్చినా దాన్ని పట్టే ఫ్లాపీ నెలనెలా ఇంటికే పంపుతరు."

"పద్దెనిమిది వందలా? కంపెనీ ధరనా, నువ్వు పెట్టిన ధరనా?"

గడియారం చౌరస్తాలో కంప్యూటర్ల దుకాణం నడుపుతున్న జాఫర్ ఒకప్పుడు ఈ సారు దగ్గర డిగ్రీలో అర్థశాస్త్రం చదివినవాడే. సారు పద్ధతి అతనికి తెలియంది కాదు. ఉచితంగా వచ్చేది సారుకు పనికిరాదు. పనికొచ్చేది మాత్రం సారుకు ఉచితంగా రావాలి. అందుకని మూడో దారి చూపించాడు.

"గీ డబ్బాలదే నెల దినాలు ఉత్తగ నడుస్తది సార్. ఇయ్యాల ఏప్రిల్ ఒకటి. ముప్పై దాకా వాడి చూడండి. కాకపోతే గిది పాత వైరస్‌లనే పడ్తది. కొత్తయి పట్టాల్నంటే పైసలు కట్టాలె."

చివరి రెండు ముక్కలూ సారు చెవికెక్కలేదు. ఆ నెలరోజులది జేబులో వేసుకుని నవ్వుకుంటూ స్కూటర్ ఎక్కాడు.

ఆయన ఇంటి కంప్యూటర్‌లో ఉన్నది ఆషామాషీ సరుకు కాదు. పదకొండేళ్లుగా సాగుతున్న పీహెచ్‌డీ. 'పాలమూరు వలస కూలీలు: శ్రమ, ప్రతిఫలం'. మే నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని విశ్వవిద్యాలయం ఆఖరి ఉత్తరం రాసింది. రాయించేది ఆయనైనా నాలుగు వందల పేజీలూ టైపు చేసింది భార్య సుగుణమ్మ. మధ్యాహ్నం అంట్లు తోముకుని వచ్చి కూర్చుంటే, దీపాలు పెట్టేవేళ దాకా ఆయన మంచం మీద వాలి చెబుతుండేవాడు, ఆమె కొడుతుండేది. ఆ ఇంట్లో ప్రతిఫలం ఊసు థీసిస్‌లో తప్ప మరెక్కడా లేదు.

ఇరవై అయిదో తారీఖున జాఫర్ పనిగట్టుకుని ఇంటికొచ్చాడు.

"రేపు జర పైలం సార్. కొత్త వైరస్ ఒకటి తారీఖు చూసుకుంట కూసుంటదట. కంప్యూటర్ల ఏప్రిల్ ఇరవై ఆరు వడ్డదంటే లోపలున్నదంతా తుడిచిపెడ్తది. మీరేమో దొరికిన ఫ్లాపీనల్లా పెడ్తరు. గిప్పుడన్న కొనండి."

"చూస్తలే" అని పంపించేశాడు సారు.

"కొనరాదుండ్రి" అంది సుగుణమ్మ. "లేకుంటే గా ఉత్త ఫ్లాపీ అన్న తెచ్చి పెట్టుండ్రి. నాలుగు వందల పేజీలు మల్ల కొట్టాల్నంటే నాతోని కాదు. ఇప్పటికే వేళ్లు వంగుతలేవు."

"ఊకో. నా తమాషా చూడు."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, తారీఖు అడిగే చోట 01-04-99 అని కొట్టాడు. ఒక్క తిప్పుతో రెండు పనులయ్యాయి. అయిపోవచ్చిన ఉచితపు నెల మళ్లీ మొదటికొచ్చింది. రేపు తెల్లారితే ఊరంతటికీ ఇరవై ఆరైనా ఈ కంప్యూటర్‌కు రెండో తారీఖే.

"ఎప్పుడు నెల నిండవస్తే అప్పుడు వెనుకకు తిప్పుడే. పైస ఖర్చు లేదు" అన్నాడు. పదకొండేళ్ల చాకిరీ తర్వాత ఈ మనిషికి చెప్పడం సుగుణమ్మకు విసుగెత్తింది.

మర్నాడు ఊళ్లో నాలుగు కంప్యూటర్లు మూలపడ్డాయి. కాలేజీలో లెక్కల లెక్చరర్ ఐలేశం, పద్దెనిమిది వందలు పెట్టాను కాబట్టి బతికిపోయానని చెప్పుకుంటుంటే అమరేందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పెట్టిన నీదీ నడుస్తాంది, పెట్టని నాదీ నడుస్తాంది. మరి ఎవలు తెలివిగల్లోళ్లు?"

"ఎట్ల కాపాడుకున్నవో మాకూ చెప్పరాదు" అన్నాడు ఐలేశం.

"చెప్ప. చెప్తే అందరు అదే చేస్తరు."

మే పంతొమ్మిదిన సుగుణమ్మ ఆఖరి పేజీ ఆఖరి అక్షరం కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆమెకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. తెల్లారి ప్రింటు తీయించి హైదరాబాదు బస్సెక్కాలని సారు బట్టలు కూడా ఇస్త్రీ చేయించుకున్నాడు.

తెల్లారి కంప్యూటర్ వేస్తే తెర నల్లగా ఉంది. ఎన్నిసార్లు ఆపి వేసినా నల్లగానే ఉంది.

జాఫర్ వచ్చి డబ్బా విప్పాడు. హార్డ్ డిస్కు ఊడదీసి దుకాణానికి పట్టుకెళ్లి, మధ్యాహ్నానికి మళ్లీ వచ్చాడు.

"లోపల అక్షరం ముక్క లేదు సార్. గా ఏప్రిల్ ఇరవై ఆరు వైరస్ చేసిన పనే."

"మతి ఉండే మాట్లాడుతున్నవా?" అన్నాడు అమరేందర్. "గది పోయి నెల కావస్తాంది. ఇయ్యాల మే ఇరవై."

"కంప్యూటర్ల తారీఖు ఏమన్న కదిలించిండ్రా?"

సారు కిటికీలోంచి బయటికి చూశాడు. సుగుణమ్మే చెప్పింది.

"పోయిన నెల ఇరవై అయిదున, ఒకటికి తిప్పిండ్రు."

జాఫర్ వేళ్ల కణుపుల మీద ఒకటి నుంచి లెక్కపెట్టుకున్నాడు. సుగుణమ్మ వైపు ఒకసారి చూసి, తలొంచుకుని అన్నాడు.

"ఊరందరికి గా ఇరవై ఆరు ఎప్పుడో వచ్చిపోయింది సార్. మీ ఇంటికి ఇయ్యాల వచ్చింది."