పట్టుకున్న చేతులు

రెండొందల ఏళ్ల నాటి ఎస్టేటు బంగళాలో ఆఫీసు టీము బస. రాత్రి భోజనాలయ్యాక, మేడమీది హాల్లో మేనేజరు ఆమె కళ్లకు గంతలు కట్టాడు.

"వెనక్కి పడిపోండి మేడం, మేమంతా పట్టుకుంటాం. టీమంటే నమ్మకం."

పోయిన నెల తన తప్పును ఆమె నెత్తిన రుద్దినవాడు. ఆ రోజు నోరు మెదపని ఎనిమిదిమంది సహోద్యోగులే ఇప్పుడు వెనక నిలబడ్డారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కాసేపు పళ్లు బిగించి అలాగే నిలబడి, చివరికి కసికొద్దీ బరువంతా వేసి వెనక్కి పడింది.

చేతులు పట్టుకున్నాయి. చల్లగా, గట్టిగా. ఎవరి ఊపిరీ వినిపించలేదు.

అప్పుడు కింద తోటలోంచి మేనేజరు గొంతు. "పైకెళ్లి చూద్దాం పదండ్రా, ఇంకా గంతలతోనే నిలబడి ఉంటుంది."

ఆ కిందే, అతని పక్కన ఎనిమిదిమందీ పగలబడి నవ్వారు.

చేతులు ఇంకాస్త బిగిశాయి. ఆమె విడిపించుకోలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.

"రానివ్వండి," అంది, తనను పట్టుకున్న ఆ చేతులతో.