హయాతే పస్తు

పన్నెండో రోజు కూడా హయాతే మాంసం ముట్టలేదు.

అలాగని ఆకలి లేకనా? పొద్దున్నే కొట్టిన జింకను తామోత్సు భుజాన వేసుకొచ్చాడు. వాకిట్లోనే పొట్ట చీల్చి గుండె, కాలేయం, ఒక తొడ తీసి కుక్క ముందు పెట్టాడు. ఆ చలిలో మాంసం ఇంకా పొగలు కక్కుతోంది. హయాతే నోట్లోంచి చొంగ ధారగా కారుతోంది. అయినా మూతి పెట్టదు.

"తినరా నాయనా, నీకు దణ్ణం పెడతాను," అంది ఫుసాయే దాని ముందు చతికిలబడి.

కుక్క ఆమె చెయ్యి నాకింది. తర్వాత తల తిప్పి, తెరిచి ఉన్న తలుపులోంచి పొయ్యి పక్కన ఆమె భర్త యోషిమత్సు ఎప్పుడూ కూర్చునే చోటు వైపు చూసింది. పొద్దుట్నుంచీ అదే చూపు. కుక్క చూసుకోవాలని ఫుసాయే ఇంత చలిలోనూ ఆ తలుపు మూయలేదు.

కీ అనే ఆ కొండల్లో వేటకుక్కలకు పచ్చిమాంసమే తిండి. అడవిపందిని మాత్రం పచ్చిగా పెట్టరు. పెడితే ఒళ్లంతా పిచ్చి దురద పుట్టి రెండ్రోజుల్లో చస్తాయి. జింకైతే భయం లేదు. ఇదంతా అందరూ చేసేదే. యోషిమత్సు ఇంకో మెట్టు పైకెక్కాడు. హయాతే తల్లి, ఎవరో నక్కలకు పెట్టిన విషపు ముక్క తిని అడవిలో గిలగిలా కొట్టుకుని చచ్చింది. అప్పుడు ఒట్టు పెట్టుకున్నాడు. పిల్లకు ఆ గతి పట్టకూడదని, తన నోట "కానీయ్" అన్న మాట వస్తే తప్ప ఏదీ తినకుండా పెంచాడు.

"మీ వదిన చెప్పినా తినదురా. కొండదేవత దిగొచ్చి చెప్పినా తినదు," అని రెండు గుక్కలు పడ్డప్పుడల్లా తామోత్సు దగ్గర గొప్పలు పోయేవాడు.

పన్నెండు రోజుల కిందట వేటకు బయల్దేరి, బూట్లు కట్టుకుంటూ గడప మీదే కూలిపోయాడు. ఆ తర్వాత ఆ గొంతు ఎవరూ వినలేదు. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. తలలు వంచి, పళ్లబుట్టలు పెట్టి వెళ్లిపోయారు.

తామోత్సు చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు. పొయ్యి పక్క చోటుకేసి తల వంచి, కాస్త దూరంగా కూర్చున్నాడు. ఫుసాయే టీ పోసింది. ఒక కప్పు అతనికిచ్చి, ఇంకోటి ఎప్పట్లాగే ఆ చోటు ముందు పెట్టింది. అది అలాగే చల్లారిపోయింది.

"నేనోసారి అన్నలా అని చూడనా, వదినా?"

"మొన్న అన్నావుగా. నీదొక గొంతా? కప్ప బెకబెక."

ఏడుస్తూనే నవ్వింది. తామోత్సుకు అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడాది వేటలో తీసిన వీడియో. ఫోనంతా వెతికి పట్టుకుని, వాకిట్లోకి పరిగెత్తి, కుక్క చెవి దగ్గర పెట్టాడు. ఫోనులో యోషిమత్సు పకపకా నవ్వాడు. తర్వాత గట్టిగా అన్నాడు, "కానీయ్!"

హయాతే చెవులు నిక్కపొడుచుకున్నాయి. లేవలేని కుక్క లేచి నిలబడింది.

కుక్క ఫోను వంక ఒక్కసారి చూసింది. మాంసం దాటుకుని, తడబడుతూ గడపెక్కి, పొయ్యి పక్కకి వెళ్లి కూర్చుంది. మోర ఎత్తి చూస్తూ ఉండిపోయింది.

"దీన్ని మోసం చెయ్యలేం, వదినా," అన్నాడు తామోత్సు.

మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ వచ్చింది. పక్కటెముకలు తడిమి చూసింది.

"ఇవాళో రేపో, మామ్మగారూ. సెలైను దీన్ని ఎన్నాళ్లు నిలబెడుతుంది? గొట్టం వేసి పోస్తే కక్కేస్తోంది. నాలుగు ముక్కలు తనంతట తాను తింటే బతుకుతుంది. అంతే."

"తినదమ్మా."

"అయితే నేను చెయ్యగలిగిందేమీ లేదు."

డాక్టరమ్మ వెళ్లిపోయింది. కుక్క ముందుకాళ్లు జారిపోయాయి. గడ్డం చాప మీద ఆనించి, కళ్లు మాత్రం పైకెత్తి ఉంచింది. డొక్క ఎగరడం కూడా సరిగా తెలియడం లేదు.

ఫుసాయేకి ఇక నిగ్రహం తప్పిపోయింది. ఆ చోటు ముందుకెళ్లి పిడికిళ్లతో చాప గుద్దింది.

"ఏమయ్యా! యాభయ్యేళ్లు నా మీద అరిచావు, దీని మీద అరిచావు, కొండలు దద్దరిల్లేలా అరిచావు! నేను చెబితే తినకూడదన్నావు, ఎవరు చెప్పినా తినకూడదన్నావు! ఇప్పుడు చూడు, నీ ముందే చస్తోంది. ఒక్క మాట కదయ్యా, ఒక్కటే మాట!"

"ఊరుకో, వదినా," తామోత్సు ఆమె భుజాలు పట్టుకున్నాడు. అతనికీ ఏడుపు ఆగడం లేదు. "అన్నని అంటే ఏం లాభం?"

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి తెచ్చి ఆ పొయ్యి పక్కనే కూర్చోబెట్టిన చక్రాల కుర్చీలో, పక్షవాతంతో వంకరపోయిన మూతి మీదుగా కన్నీళ్లు కారుతుంటే, యోషిమత్సు పొద్దుట్నుంచీ కదుపుతున్న పెదాలనే మళ్లీ కదిపాడు గానీ, "కానీయ్" అన్న మాట పెగల్లేదు.