ముసలెలుక వాటా

వరిచేని గట్టు కింద సూరాలమ్మ అనే ముసలెలుక ఏళ్ల తరబడి తవ్వుకున్న కలుగును ఆ రోజు కొడుకులిద్దరూ పంచుకుంటున్నారు. లోపలంతా ఒకటే హడావిడి!

ధాన్యం గదికి నడుమ మట్టిగోడ కట్టి చెరి సగం చేసుకున్నారు. పడకగదికీ అంతే. ఆఖరికి వాకిలికి కూడా గోడ కట్టి, పక్కకు తిరిగి దూరుతున్నారు.

"మరి అమ్మకో?" అన్నాడు చిన్నవాడు వీరాయి.

"వెనక ఖాళీ సొరంగం ఉందిగా! అందులో గింజా లేదు, దారీ లేదు. ఇచ్చేద్దాం," అని పకపకా నవ్వాడు పెద్దవాడు బుచ్చన్న.

సూరాలమ్మ సరేనంది. ఈమధ్య ఆమెకు పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండటం లేదు. సొరంగం కొసన పలచగా మట్టి కప్పిన చోటు ఒక్కటీ మరిచిపోకూడదని, రోజూ అక్కడే ముక్కు ఆనించి పడుకునేది.

కోతల రోజుల్లో ఎవరో వచ్చి వాకిట్లో పొగ పెట్టారు. పిల్లాపాపలంతా దగ్గుతూ వెనక్కి పరుగో పరుగు!

"ఇటు రండర్రా!" అంటూ సూరాలమ్మ తలతో ఒక్క పోటు పొడిచింది. మట్టి రాలింది, చల్లగాలి కొట్టింది. అందరూ ఒకరి వెనక ఒకరు గట్టు అవతల పడ్డారు.

"ఇక్కడ దారుందని మరిచిపోయావా అమ్మా? ముందే చెప్పలేదేం?" అన్నాడు బుచ్చన్న రొప్పుతూ.

"మరవలేదురా నాయనా. చెప్పుంటే దీనికీ నడుమ గోడ కట్టేవాళ్లు కదా!"