నీలంది అయిపోయిందా?

“బాబూ, ఆ నీలంది అయిపోయాక ఖాళీది పారేయకు. నాకివ్వు.”

కౌంటర్ అవతల నిలబడ్డ పెద్దావిడ మాటకు రొట్టెల మేస్త్రి చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది.

అంతకు క్షణం ముందే ఆయాసమొచ్చి, జేబులోంచి నీలం ఇన్‌హేలర్ తీసి పీల్చి, ఊపిరి అందుకుని, మళ్లీ పనిలో పడ్డాడు.

బేకరీకి వచ్చి రొట్టె అడిగేవాళ్లను చూశాడు, కేకు అడిగేవాళ్లను చూశాడు. ఖాళీ ఇన్‌హేలర్ అడిగిన మనిషిని చూడటం అదే మొదలు.

“దాన్నేం చేసుకుంటారు పెద్దమ్మా?”

“నాక్కావాలి, అంతే.”

కారణం తెలియకపోతే మేస్త్రికి నిద్ర పట్టదు. అయినా ఖాళీ అవగానే ఇచ్చాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో వేసుకుంది. కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది.

“నీలంది అయిపోయిందా?”

“అయిపోయింది. ఇదిగో.”

“అప్పుడేనా!”

అడిగింది చేతిలో పెడితే సంతోషించాలి గానీ, అలా ముఖం వేలాడేసుకోవడం ఏమిటో!

“డాక్టరు ఇంకోటి ఇవ్వలేదా బాబూ? గోధుమ రంగుది?”

“ఇచ్చాడు. ఉత్త దండగ. నీలంది పీలిస్తే చిటికెలో ప్రాణం లేచొస్తుంది. దాన్ని వారం పీల్చినా ఉలుకూ పలుకూ లేదు. అటకెక్కించేశా.”

“అది అంతే. రోజూ పీల్చాలి. బాగున్న రోజు కూడా.”

“బాగున్న రోజు మందేంటి పెద్దమ్మా? ఆకలి లేనివాణ్ణి రొట్టె తినమన్నట్టుంది.”

ఆవిడ నవ్వలేదు.

“పిండి కలపగానే పొంగుతుందా? ఆగుతావు కదా. దానికీ అంత ఓపిక పట్టు.”

ఇంటికెళ్లి భార్యకు చెబితే ఆమె బుగ్గలు నొక్కుకుంది.

“ఆ ఖాళీల్లో ఏదో నింపి అమ్ముకుంటుందేమో. మీరు మరీ అమాయకులండీ.”

అమాయకుడంటే ఏ మగాడికి నచ్చుతుంది? ఆ మాట మేస్త్రి బుర్రలో నాటుకుపోయింది.

ఈసారి ఆవిడ వచ్చేసరికి షాపు నిండా జనం.

“నీలంది అయిపోయిందా?”

“అయిపోయింది. చెత్తలో పారేశా. ఖాళీ డబ్బాల్లో నీళ్లు నింపి ఎవరి గొంతులో పోద్దామని? పెద్దవారు కదా అని ఊరుకుంటుంటే!”

యజమాని ఏదో అనబోయి ఆగిపోయాడు.

ఆవిడ ముఖాన కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు.

“అయితే మరీ త్వరగా అయిపోతోందన్నమాట,” అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే ఓ మధ్యాహ్నం, పిండి జల్లిస్తుండగా మేస్త్రికి ఊపిరి బిగుసుకుపోయింది.

నీలంది పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఈసారి అది పని చేయలేదు. పెదాలు నల్లబడ్డాయి. యజమాని బండిలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

తేరుకున్నాక డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది.

“నీలంది ఎన్నాళ్లకు ఖాళీ చేస్తున్నారు?”

మేస్త్రి గతుక్కుమన్నాడు.

“అదెందుకండీ?”

“అదెంత త్వరగా అయిపోతుంటే మీకంత ప్రమాదం. నీలంది బిగుసుకున్న గొట్టాల్ని కాసేపు తెరుస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. వాపు తగ్గించేది గోధుమ రంగుది. మెల్లగా తగ్గిస్తుంది కాబట్టి మీకు తెలియదు. రోజూ పీల్చండి, పీల్చాక నోరు పుక్కిలించండి. నీలంది ఆయాసం వచ్చినప్పుడు వాడేందుకు జేబులో ఉంచుకోండి.”

అయితే ఖాళీలు అడిగి అడిగి, ఆవిడ చూసుకున్నది తన రోగం ఎంత ముదిరిందోనన్నమాట! మేస్త్రికి సిగ్గుతో తల తీసేసినట్టయింది.

అటక మీది మందు కిందికి దిగింది. రోజూ పీల్చాడు. మొదట్లో ఏమీ తెలియలేదు. వారాలు గడిచేకొద్దీ నీలందాన్ని తీయాల్సిన అవసరమే తగ్గిపోయింది. పిండి బస్తా మోసినా రొప్పు లేదు.

ఈ మాట ఆవిడకు చెప్పాలి. తలుపు చప్పుడైనప్పుడల్లా కౌంటర్ వైపు చూసేవాడు. ఆవిడ రాలేదు.

చివరికి ఉండబట్టలేక యజమానిని అడిగాడు.

“ఆ పెద్దమ్మ ఇల్లెక్కడో తెలుసా సార్? కాళ్లు పట్టుకుని క్షమించమనాలి.”

“ఊళ్లో లేదయ్యా. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఏ ఊరో నాకూ చెప్పలేదు.”

“అసలెవరు సార్ ఆవిడ? నేనెలా పోతే ఆవిడకేం?”

యజమాని తలెత్తలేదు.

“చెబితే నువ్వు పనిలో ఉండవని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. నీకు ముందు ఈ పొయ్యి దగ్గరే, నీలంది చేత్తో పట్టుకునే ప్రాణం వదిలిన మేస్త్రి ఒకడున్నాడు... ఆవిడ వాడి కన్నతల్లి.”